హారతి కర్పూరం

  ఆయుర్వేద వైద్య మిత్రులు మూర్ఛ తెప్పించే మూలికా ద్రవ్యాలు మూడింటి గురించి ఈ సభలో చెప్పమన్నారు: ముష్టి గింజ, నీలగిరి తైలం, కర్పూరం. ఇందాక జ్యోతి వెలిగించి హారతి ఇచ్చారు కదా, ఆ ఘుమఘుమ ఇంకా ఈ హాలు వదల్లేదు. కర్పూరంతోనే మొదలుపెడతాను.

నేను పిల్లల వైద్యంలో చేరిన కొత్త. ఓ కార్తీక సోమవారం రాత్రి రెండేళ్ల పిల్లవాణ్ని భుజాన వేసుకుని తల్లి పరుగెత్తుకొచ్చింది. కళ్లు తేలేశాడు, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. జ్వరం లేదు. "గుళ్లోంచి వచ్చాకే బాబూ, గాలి సోకింది" అంటోంది నానమ్మ. డయజిపామ్ ఇస్తూ పిల్లవాడి నోటి దగ్గరికి వంగాను. గుప్పుమని గర్భగుడి వాసన! "అమ్మా, కర్పూరం ఎక్కడ పెడతారు?" అన్నాను. దేవుడి పీట మీద, పళ్లెంలోనట. పటికబెల్లం అనుకుని నోట్లో వేసుకున్నాడు. బతికాడు. ఆ వాసన మాత్రం నన్నింకా వదల్లేదు.

పసివాళ్లకు ఒక్క గ్రాము కర్పూరం ప్రాణం తీయగలదు. కొవ్వులో కరిగే పదార్థం కనుక త్వరగా మెదడుకు చేరుతుంది. మింగిన ఐదు పది నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. అందుకే ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. కక్కుతుండగా ఫిట్స్ వస్తే వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కర్పూరానికి మూర్ఛ తెప్పించే గుణం ఉందని తెలిసే, 1934లో బుడాపెస్ట్‌లో మెడూనా అనే వైద్యుడు మతి చెడిన రోగులకు నూనెలో కలిపిన కర్పూరాన్ని సూదిమందుగా ఇచ్చి, కావాలని మూర్ఛ రప్పించాడు. కరెంటు చికిత్సకు దారి వేసింది ఆ ప్రయోగమే.

టైము అయిపోతోందని చీటీ పంపారు. ముష్టి సంగతి క్లుప్తంగా చెబుతాను. అందులోని స్ట్రిక్నీన్ వెన్నుపాములో నరాల పగ్గం తెంపేస్తుంది. స్పృహ ఉండగానే ఒళ్లు విల్లులా వంగిపోతుంది. మా తాతగారు ఆ గింజల్ని ఆవుపాలలో ఉడికించి, పొట్టు తీసి, నేతిలో వేయించేదాకా మందులో కలిపేవారు కాదు. ఆ ఓపిక ఇప్పుడేదీ? వైద్యం చదివే పిల్లల్లో ముష్టి చెట్టును కళ్లారా చూసినవాళ్లే తక్కువ. డబ్బా మీది పేరు చదివి రాసేస్తున్నారు. నాకిది బాధ.

నీలగిరి తైలం పైపూతకే, పసివాళ్ల నోట్లోకి చుక్క కూడా వద్దు. వాళ్ల ముక్కుకు, ఛాతీకి కర్పూరం కలిపిన నూనె రాయడమూ మానండి.

ఒక్కటే అడుగుతున్నాను. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే దేవుడి పీట మీది కర్పూరం డబ్బా తీసి, పిల్లలకు అందని పై అరలో పెట్టండి.