కలమూ, తెరా: భానుమతీ రామకృష్ణ

చలనచిత్రములలో నటి చేతికి కథను అందిస్తారే గాని, ఆమె చేత కథను వ్రాయించడం అరుదు. ఏ దేశమునందైనా ఇదే ఆచారం. ఫ్రాన్సులో 1915 ప్రాంతమున ల్యూయీ ఫాయాడ్ చిత్రాలతో ప్రసిద్ధి చెందిన నటి మ్యూసిడోరా, ఆ తరువాత తామే చిత్రాలకు దర్శకత్వం వహించారు. తెలుగునాట అటువంటి స్థానం భానుమతీ రామకృష్ణగారిది.

ఒంగోలు సమీపమున దొడ్డవరంలో జన్మించిన ఈమె, సంగీతజ్ఞులైన తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారి శిక్షణలో పెరిగి, 1939లో సి. పుల్లయ్యగారి 'వరవిక్రయం'తో తెరకెక్కారు. నాయకపాత్రధారి తన బిడ్డను తాకరాదని తండ్రిగారి షరతు! అంత కట్టుబాటులో మొదలైన నటి, 1945లో 'స్వర్గసీమ' నాటికి మగవారిని ఆటాడించే వన్నెలాడిగా నటించి మెప్పించారు.

'మల్లీశ్వరి' (1951) సంగతి మన సీమ శ్రోతలకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలి చప్పుడూ, కొలిమిగుండ్ల నాపరాళ్ళూ ఎరిగిన వారికి ఆ చిత్రములోని శిల్పి నాగరాజు పరాయివాడు కాడు. దర్శకులు బి.ఎన్. రెడ్డిగారు కడప జిల్లావారు. కథకు మూలాలలో ఒకటి బుచ్చిబాబుగారి నాటిక. అంతఃపురమునకు పల్లకిలో తరలిపోయిన పల్లెపడుచు వేదనను భానుమతిగారు పెద్ద సంభాషణలు లేకుండానే, చూపుతోనూ పాటతోనూ పలికించారు.

అయితే పరుల కథలో ఎంత రాణించినా ఆమెకు తృప్తి కలుగలేదు కాబోలు. 1943లో తాము వరించిన పి.ఎస్. రామకృష్ణారావుగారితో కలిసి, కుమారుని పేరిట భరణీ సంస్థను నెలకొల్పారు. 1953లో 'చండీరాణి' వచ్చింది. కథ ఆమెదే, దర్శకత్వం ఆమెదే. కవలలుగా రెండు పాత్రలూ ఆమెవే. పైగా తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలో నిర్మాణం. తెలుగు చిత్రమునకు దర్శకత్వం వహించిన తొలి మహిళ అన్న కీర్తి దానితో దక్కింది. మరుసటి ఏట 'చక్రపాణి'కి సంగీతమూ తామే కూర్చారు.

ఈ స్వాతంత్ర్యానికి మూల్యం లేకపోలేదు. 'మిస్సమ్మ'లో కొంత చిత్రీకరణ జరిగిన పిమ్మట నిర్మాత చక్రపాణిగారితో పొసగక ఆమె తప్పుకొనగా, ఆ పాత్ర సావిత్రిగారికి వెళ్ళింది. 1955లో ఆ చిత్రం సాధించిన విజయం అందరూ ఎరిగినదే. సొంత సంస్థ, సొంత కలం లేని నటి అయితే అటువంటి పట్టుదలకు సాహసించి ఉండేది కాదని నా అభిప్రాయం.

నా మట్టుకు నేను ఆమె కలమునకే పెద్దపీట వేస్తాను. మన చిత్రాలలో అత్తగారనగా గయ్యాళి. కోడలి కన్నీటికి కారణం. 'అత్తగారి కథలు'లో కోడలే కథ చెపుతుంది, కాని ఫిర్యాదు చేయదు. ఆచారపరురాలు, అమాయకురాలు, అధికారం చెలాయించే అత్తగారు ఆవకాయ పెట్టబూనినా అది ఇంటిల్లపాదికీ మహాయజ్ఞమే. కోడలు నవ్వుతుంది, మనలను నవ్విస్తుంది. చివరకు మనస్సు దోచుకొనేది అత్తగారే. ఈ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. 1966లో పద్మశ్రీ వచ్చింది.

1982లో బాలబాలికలతోనే 'భక్త ధ్రువ మార్కండేయ'కు దర్శకత్వం వహించారు. 'నాలో నేను' అన్న పేర స్వీయచరిత్ర వ్రాశారు. 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు.