వేగానికి వాక్యూమ్ పగ్గాలు



యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా కారు ఒకే వేగంతో సాగేలా చూసేది క్రూజ్ కంట్రోల్. దీనికి ఆద్యుడు అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్. ఆయనకు ఐదేళ్ల వయసులోనే చూపు పోయింది. ఆయన లాయరు కారు నడుపుతూ మాటల్లో పడితే బండి నెమ్మదించేదట, వింటూ కూర్చుంటే ఊపందుకునేదట. ఆ చిరాకులోంచే ఈ ఆలోచన పుట్టిందంటారు. 1950లో పేటెంటు వచ్చింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో ఈ సదుపాయం అమ్మకానికి వచ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్లపాటు పెట్రోలు కార్లలో ఎక్కువగా వాడింది వాక్యూమ్ పద్ధతి. ఇంజను గాలి పీల్చుకునే దారిలో థ్రాటిల్ అనే రేకు తలుపు ఉంటుంది. అది ఓరగా తెరిచి ఉన్నంతసేపూ పిస్టన్లు ఎంత పీల్చినా చాలినంత గాలి రాదు. సిరంజి మూతికి వేలు అడ్డంపెట్టి లాగినట్టే, తలుపు అవతలి గాలి దారిలో, అంటే మానిఫోల్డులో, పీడనం పడిపోతుంది. ఇదే వాక్యూమ్. అక్కడినుంచి ఒక సన్నటి గొట్టం చిన్న డబ్బాకు వెళ్తుంది. ఆ డబ్బాలో రబ్బరు పొర, దాన్ని వెనక్కి నెట్టే స్ప్రింగు, పొర నుంచి థ్రాటిల్‌కు కేబుల్ ఉంటాయి. డబ్బాలోని గాలిని ఇంజను లాగేయగానే బయటి గాలి పొరను లోపలికి నొక్కుతుంది. కేబుల్ బిగుసుకుని థ్రాటిల్ తెరుచుకుంటుంది. వేగం తగ్గితే, దాన్ని గమనించే కంట్రోల్ యూనిట్ డబ్బాకు వాక్యూమ్ అందించే వాల్వు తెరుస్తుంది, పెరిగితే డబ్బాలోకి బయటి గాలిని వదిలే వాల్వు తెరుస్తుంది.

చిక్కల్లా ఘాట్ రోడ్డు మీదే. ఎత్తు ఎక్కాలంటే థ్రాటిల్ బాగా తెరవాలి. తెరిస్తే వాక్యూమ్ తగ్గిపోతుంది. అవసరం ముదిరినప్పుడే బలం సన్నగిల్లుతుందన్నమాట. అందుకే చాలా కార్లలో వాక్యూమ్‌ను నిల్వ ఉంచే మరో డబ్బా, అది వెనక్కి పోకుండా ఒకవైపే తెరుచుకునే వాల్వు అమర్చారు.

బ్రేకు తొక్కితే పెడల్ దగ్గరి స్విచ్చు క్రూజ్ కంట్రోల్‌కు వెళ్లే కరెంటు తెంపుతుంది. చాలా కార్లలో పెడల్ దగ్గరే విడిగా ఓ గాలి వాల్వు కూడా ఉంటుంది. అది తెరుచుకుని పొర ఉన్న డబ్బాలోకి గాలి దూరుతుంది, స్ప్రింగు థ్రాటిల్‌ను మూసేస్తుంది. కరెంటు పని చేయకపోయినా గాలి తన పని తాను చేస్తుంది. గొట్టం చిరిగినా జరిగేది అదే: బండి నెమ్మదిస్తుంది తప్ప దూసుకుపోదు.

నేటి పెట్రోలు కార్లలో థ్రాటిల్‌ను కరెంటు మోటారే తిప్పుతోంది కాబట్టి ఈ డబ్బా కనుమరుగైంది. మీ దగ్గర పాత బండి ఉండి, ఎత్తు మీద వేగం నిలవకపోతే ముందు మెకానిక్‌కు గొట్టాల కొసలు చూపించండి. ఎండి పగిలిన రబ్బరే తరచు దొంగ. తర్వాత చేత్తో నడిపే వాక్యూమ్ పంపుతో పొర ఉన్న డబ్బాలోని గాలి లాగించండి. పొర లోపలికి వెళ్లి అలాగే నిలబడితే డబ్బా బాగున్నట్టు. మెల్లగా వెనక్కి జారితే ఎక్కడో లీకున్నట్టు.