మెలితే ద్వీపము – మన కాలువ



అపొస్తలుల కార్యముల చివరి అధ్యాయములో మెలితే అను ద్వీపమును గూర్చి చదువుదుము. దానికి నేడు మాల్టా అని పేరు. మధ్యధరా సముద్రములో సిసిలీకి దక్షిణమున నున్నది. గోజో మొదలైన చిన్న ద్వీపములను కలుపుకొన్నను దాని వైశాల్యము సుమారు 316 చదరపు కిలోమీటర్లే. చుట్టును నీరే గాని, ఏడాది పొడవున పారు నది యొక్కటియు లేదు. నేడు వారు సముద్రపు నీటినుండి ఉప్పు తీసి త్రాగుచున్నారు.

దానిని ఏలినవారు అనేకులు. ఫినీషియనులు, రోమీయులు, అరబ్బులు ఏలిరి. 1530లో సెయింట్ జాన్ యోధులు, 1798లో నెపోలియన్ సైన్యము, 1800లో బ్రిటిషువారు వచ్చిరి. 1964లో స్వాతంత్ర్యము వచ్చెను. 1974లో గణతంత్ర రాజ్యమాయెను.

మనకు సముద్రము లేదు గాని నదులున్నవి. సూర్యాపేట సమీపమున పారు మూసీ, మిర్యాలగూడకు దిగువన వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. ఇక్కడను పాలకులు మారిరి. ఫణిగిరిలోని బౌద్ధ స్తూపము, పిల్లలమర్రిలోని కాకతీయుల నాటి గుడులు అందుకు సాక్ష్యములు. నిజాము ఏలుబడి 1948లో ముగిసెను. 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ ఏర్పడెను. 2016లో సూర్యాపేట, కోదాడ క్రొత్త జిల్లాలో చేరగా, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండెను.

సరిహద్దులు మారినను కాలువ మారలేదు. 1967లో నీరు విడిచిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ముందు మిర్యాలగూడ పొలములను తడిపి, తరువాత కోదాడవైపు సాగును. పైనున్నవారు వంతుకు మించి నీరు పెట్టుకొన్నచో చివరి భూముల రైతు పొలము ఎండును. అధికారులు వంతులు నిర్ణయింపగలరు. కాని అర్ధరాత్రి తూము దగ్గర నిలుచునది రైతు మనస్సాక్షియే.

ఓడ బ్రద్దలై 276 మంది తడిసి ఒడ్డు చేరినప్పుడు, ఆ ద్వీపవాసులు వానలో, చలిలో నిప్పు రాజబెట్టి వారిని చేర్చుకొనిరి. వారెవరని, ఏ దేశస్థులని అడిగి చేర్చుకొనలేదు. ద్వీప ముఖ్యుడైన పొప్లియు మూడు దినములు ఆతిథ్యమిచ్చెను. లూకా ఆ ద్వీపపు పన్నులను, సరిహద్దులను వ్రాయలేదు. ఈ ఉపకారమును వ్రాసెను.

కాబట్టి మన సంఘములలోని రైతు సోదరులకు మా మనవి ఒక్కటే. యాసంగిలో మీ వంతు ముగియగానే మీరే తూము మూసి, దిగువవారికి కబురు పంపుడి. వారు పొరుగు జిల్లావారైనను మన పొరుగువారే.