బండి స్టీరింగు – వారంటీ కాగితము
(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఈ తరగతులలో ఇంటిపన్నును గురించియు, మంచినీటి పథకములను గురించియు మీరు వినియున్నారు. నేడు మేము ముచ్చటింపదలచినది ఒక చిన్న ఇనుప ముక్కను గురించి. పికప్ బండి ముందు చక్రములను త్రిప్పు టై రాడ్డు కొనయందు గుండ్రని కీలొకటి యుండును. దానిని బాల్ జాయింటు అందురు. డ్రైవరు స్టీరింగు త్రిప్పినపుడు ఆ త్రిప్పుట చక్రమునకు అందునది ఈ కీలు మూలముననే. కీలు వదులైనచో బండి ఒక ప్రక్కకు లాగును. స్టీరింగు కొంత త్రిప్పినను బండి తిరుగదు. మెకానిక్కులు దీనినే 'ప్లే వచ్చినది' అందురు. కీలు పూర్తిగా ఊడినచో ఆ చక్రము ఇక డ్రైవరు చేతిలో నుండదు.

మన గ్రామములలో ఈ బండ్లపై కూరగాయలు మాత్రమే పోవుట లేదు. తెల్లవారుజామున కూలీలును, పెండ్లిండ్ల కాలమున బంధువులును వెనుక నిలిచి ప్రయాణము చేయుచున్నారు. సరకుల బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టవిరుద్ధము. అయినను ఎక్కుచున్నారు. కావున బండి చెడినది యజమాని సొంత వ్యవహారమని పంచాయతీ ఊరకుండుటకు వీలులేదు.

మదనపల్లె టమాటా మార్కెట్టునకు సరకు చేరవేయు ఒక యువకుని సంగతి మాకు తెలియును. అప్పు తీసికొని క్రొత్త బండి కొనెను. పదునొకండవ నెలలో స్టీరింగు వదులాయెను. షోరూమువారు 'చూచెదము' అని రెండు మారులు పంపివేసిరి. మూడవమారు 'ఇది అరుగుదల, వారంటీ వర్తింపదు' అనిరి. అంతయు నోటిమాటయే. బండి నిలిపినచో కిస్తీ ఆగును, నడిపినచో ప్రాణాపాయము. విసిగి అతడు రోడ్డు ప్రక్క మెకానిక్కు చేత ఆ భాగమును మార్పించుకొనబోవు సమయమున ఆ గ్రామపు వార్డు సభ్యురాలు అడ్డుపడిరి. పాత భాగమును విప్పనీయక, మొదట ఫోటోలు తీయించి, అతనిచేత షోరూమునకు ఒక లేఖ వ్రాయించిరి.

ఆ లేఖలో పెద్ద పాండిత్యమేమియు లేదు. బండి నంబరు, ఛాసిస్ నంబరు, కొన్న తేదీ, నాటికి తిరిగిన కిలోమీటర్లు, సర్వీసు చేయించిన తేదీలు, లోపము ఏ వేగమున ఎట్లు తెలియుచున్నది, ముందు రెండు మారులు ఏ తేదీలలో వచ్చినది – ఇంతియే. చివర రెండు వాక్యములు: 'భాగమును వారంటీ క్రింద మార్చగోరుచున్నాను. నిరాకరించునెడల కారణమును వ్రాతమూలముగా తెలుపగోరుచున్నాను.' ఒక ప్రతిని తయారీ కంపెనీకి రిజిస్టరు తపాలాలో పంపిరి. బండిని షోరూములో అప్పగించి, ఫిర్యాదును యథాతథముగా వ్రాసిన జాబ్ కార్డు చేతికి వచ్చువరకు కదలలేదు. నోటితో కాదనుట సులభము. సంతకము పెట్టి కాదనుటకు ఎవరైనను వెనుదీయుదురు. కొన్ని దినములకు భాగము ఉచితముగా మార్చబడినది.

అరుగుదల యను మాటను గురించి కొంత తెలిసికొనవలెను. బ్రేకు లైనింగులు, క్లచ్చి ప్లేటు, ఫిల్టర్లు వంటివి వాడుకలో అరుగునవే. వారంటీ సాధారణముగా వానికి వర్తింపదు. స్టీరింగు కీలు అట్టిది కాదని వాదింపవచ్చును గాని, అందులకు ఆధారము కావలెను. కీలుపై రబ్బరు తొడుగుండును. తొడుగు చినిగి దుమ్ము, నీరు లోనికి పోయినచో కీలు త్వరగా చెడును. తొడుగు చెక్కుచెదరక, లోని కీలు మాత్రము వదులైనచో తయారీ లోపమను మాటకు బలము కలుగును. ఆ తొడుగు ఫోటో తీయకముందే బయట విప్పించినవాడు తన సాక్ష్యమును తానే పోగొట్టుకొనును.

ఇచ్చట మనవారి వంతు కూడ చెప్పవలసియున్నది. ఆర్.సి.లో వ్రాసిన బరువునకు మించి పెట్టెలు ఎక్కించుట, ఉచిత సర్వీసును ఎగవేయుట, చవకయని నకిలీ భాగములు వేయించుట – ఈ మూడును వారంటీని చెరచును. కాటా చీట్లు బండివాని చేతిలోనే అధిక భారమునకు సాక్ష్యము పలుకుచుండగా షోరూమును నిందించి ఫలమేమి?

గడువు విషయమునను పొరపడుదురు. వారంటీ పుస్తకములో '3 సంవత్సరములు లేక 1,00,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది' అని యున్నదనుకొందము. దినమునకు 150 కిలోమీటర్లు తిరుగు బండికి ఆ లక్ష కిలోమీటర్లు 22 నెలలలోనే ముగియును. మూడేండ్లున్నవని నమ్మి కూర్చుండినవాడు నష్టపోవును. గడువు లోపల వ్రాసియిచ్చిన ఫిర్యాదు మాత్రము తరువాతను పనికివచ్చును.

షోరూమును, కంపెనీయు కదలనిచో 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫోను చేయవచ్చును. దానితోను కానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలై నుండి అమలులో నున్నది. కిరాయి బండి వ్యాపారము గనుక యజమాని వినియోగదారుడు కాడని కొందరు భయపెట్టుదురు. స్వయముపాధితో జీవనోపాధి కొరకే కొన్నవాడు వినియోగదారుడేయని చట్టము చెప్పుచున్నది. బండిని తానే నడుపుకొనువాడు ఒకరిద్దరి సహాయము పొందినంతమాత్రమున ఆ హక్కు పోదని సుప్రీంకోర్టు 1995లోనే వివరించినది. పది బండ్లు కొని జీతగాండ్రచే నడిపించువాని సంగతి వేరు.

కొన్న ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే వినును. ధర 5 లక్షల లోపైనచో రుసుము లేదు. 5 నుండి 10 లక్షల వరకు 200 రూపాయలు. తగవు పుట్టిన రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. షోరూము ఏ ఊరనున్నను, తాను నివసించు జిల్లాలోనే వేయవచ్చును. భాగమును పరీక్షకు పంపు అధికారము కమిషనుకు కలదు.

మరియొక సంగతి. ఒకే రకపు బండ్లు మీ గ్రామమున నాలుగైదున్నచో, అన్నిటికిని అదే లోపము కనబడుచున్నదేమో విచారింపుడు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము లోపమున్న బండ్లను వెనుకకు పిలిచి సరిచేయుమని తయారీదారును కేంద్ర ప్రభుత్వము ఆదేశింపవచ్చును. ఒక్కని గొంతు వినబడనిచోట అయిదుగురి ఛాసిస్ నంబర్లు వినబడును.

పంచాయతీ చెత్తబండి, ట్రాక్టరుల వారంటీ పుస్తకములు ఎచ్చటనున్నవి? డ్రైవరు ఇంటి అటకపై నున్నచో వెంటనే కార్యాలయపు బీరువాకు తెప్పింపుడు. గడువు ముగియు తేదీని రిజిస్టరులో వ్రాయింపుడు.

భాగము మార్చిన తరువాత చక్రముల ఎలైన్‌మెంటు సరిచూపించుట మరువరాదు. లేనిచో క్రొత్త టైర్లు ఒక ప్రక్కనే అరిగిపోవును. మార్చిన భాగమునకు సాధారణముగా మిగిలిన గడువే వర్తించును. బండిని స్వయముగా నడిపి, రెండు ప్రక్కలకు త్రిప్పి చూచిన పిమ్మటనే 'పని తృప్తికరము' అను కాగితముపై సంతకము చేయవలెను.