ఒగ్గు డోలు

 ఈ పూట ఒగ్గుకథను గూర్చి నాలుగు మాటలు మనవి చేసికొందును.

ఒగ్గనగా శివుని డమరుకము. దానిని చేతబట్టి కథకులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పుదురు. పట్నము వేసి మల్లన్న కల్యాణము జరిపించువారును వీరే. కథకుడు ఒకమారు మల్లన్న యగును. మరునిమిషమున కేతమ్మ యగును. వంతవాడు ప్రశ్నించును, డోలు బదులు పలుకును. యుద్ధఘట్టమున డోలు పరుగెత్తును, శోకఘట్టమున మందగించును. బడిలో ఛందస్సు బోధించిన నాకు గురులఘువుల నడక పుస్తకమునకంటె డోలువాని చేతులలోనే తేటగా వినబడినది.

ఈ విద్యను ఇంటి ముంగిటినుండి రంగస్థలమునకు దెచ్చినవారిలో అగ్రగణ్యుడు చుక్కా సత్తయ్యగారు. 1935వ సంవత్సరమున జన్మించిన ఆయన స్వగ్రామము జనగామ ప్రాంతమందలి మాణిక్యాపురము. కేంద్ర సంగీత నాటక అకాడమీ 2014వ సంవత్సరపు పురస్కారముతో ఆయనను గౌరవించెను. 2017 నవంబరులో ఆయన పరమపదించెను.

నేడు పెక్కు ఉత్సవములలో డోలున్న తావున డీజే పెట్టెలు నిలుచుచున్నవి. యంత్రమును నేను దూషింపను. జర్మనీ దేశమున క్లౌస్ షుల్జె యను కళాకారుడు మొదట డోళ్లు వాయించినవాడే. 1970లో ఒక బృందమున వాయించి, పిదప యంత్రనాదమును చేపట్టెను. 1972 నాటి తన తొలి కూర్పునకు చెడిన విద్యుద్వాద్యమును మార్చుకొని, వాద్యబృందపు ధ్వనిముద్రికను వెనుకకు త్రిప్పి వాడుకొనెను. 2022లో మరణించువరకు ఆయన నాదసాధకుడే. అచట యంత్రము వెనుక ఒక వాద్యకారుని చెవి యున్నది, చేయి యున్నది. మన వీధిలోని పెట్టె వెనుక మీట నొక్కువాడు మాత్రమే కలడు. కథలో శోకము వచ్చెనని ఆ పెట్టె యెరుగదు. సభలో ముసలమ్మ కన్నీరు తుడుచుకొన్నదని యాగదు.

డోలు విద్య గురువు ప్రక్కన కూర్చుండి నేర్వవలసినది. వాయించు సందర్భము లేనిచో గురువు చేయి మరచును. శిష్యుడు వేరు పనికి పోవును. కావున పెద్దలారా! మీ యూరి కల్యాణమునకు ఒగ్గువారిని తప్పక పిలువుడు. తగిన సంభావన ముందే నిర్ణయింపుడు. బృందములో ఒక పడుచువానికి డోలు పట్టు అవకాశ మిమ్మని కోరుడు. మీ మనుమలను ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. చేతి విద్యకు చూచు కన్నులే మొదటి బడి.

సెలవు.