రెండు కార్బురేటర్లు – ఒక లెక్క

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భృతి గురించి, మెడికల్ బిల్లుల గురించి చెప్పగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ పాత మోటారు సైకిలు గురించి చెప్పండి" అన్నారు. పది నిమిషాలు ఇచ్చారు. గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, గడువు దాటను.

నా బండి రాజ్‌దూత్ 350, 1985 మోడలు. జపాన్ యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ వారు 1983 నుంచి మన దేశంలో ఆ పేరుతో తయారు చేశారు. 347 సి.సి., ఆరు గేర్లు, రెండు సిలిండర్లు. సిలిండరుకొక కార్బురేటరు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజి బండి. దానికింకా ఆ అర్హత రాలేదు, నాకు ఎప్పుడో వచ్చింది.

మద్రాసు నుంచి తెలుగు సినిమా పరిశ్రమ క్రమంగా తరలివచ్చి, అన్నపూర్ణ, పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు ఈ కొండల మీద వెలసిన రోజులవి. ఫిల్మ్‌నగర్‌లో మేము అద్దెకుండేవాళ్ళం. జూబ్లీహిల్స్ రోడ్డు పక్కన బండరాళ్ళు ఇంకా కనిపించేవి. ఒక స్టూడియో ఉద్యోగి పెట్రోలు ఖర్చు భరించలేక అమ్ముతుంటే, 1991లో ప్రావిడెంట్ ఫండ్ అప్పు పెట్టి ఆ బండి కొన్నాను. ఆయన భరించలేనిది నేనెలా భరిస్తాననే ఆలోచన అప్పుడు రాలేదు.

నా చేతిలో లీటరుకు 20 కిలోమీటర్లు దాటేది కాదు. నెలాఖరు ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఎవరో చెప్పిన మాట విని, రెండు కార్బురేటర్లలోనూ మెయిన్ జెట్లు తీసి, చిన్న రంధ్రం ఉన్నవి వేశాను. మైలేజీ కాస్త పెరిగింది. కొన్నాళ్ళకు ఆక్సిలరేటర్ వదిలినా ఇంజను వేగం దిగడం మానేసింది. చెవి పెట్టి వింటే ఎడమ వైపు ఎక్కువగా పరుగెడుతోంది. ఎడమ కార్బురేటరు ఐడిలింగ్ స్క్రూ తగ్గించాను. శబ్దం సరిపోయింది. సంతోషించాను.

మన ఆఫీసుల్లో క్యాష్‌బుక్కుకూ ట్రెజరీ లెక్కకూ తేడా వస్తే ఏం చేయాలి? తేడా ఎక్కడ పుట్టిందో వోచర్లు తిరగేసి పట్టుకోవాలి. అంకె దిద్ది కూడిక సరిపెడితే అది నేరం. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఒక్క అంకె దిద్దనివాణ్ణి, ఇంటి దగ్గర స్క్రూ తిప్పి అదే పని చేశాను. అసలు తేడా కార్బురేటరును ఇంజనుకు కలిపే రబ్బరు జాయింటులో ఉంది. అది పగిలి దొంగగాలి లోపలికి పోతోంది. జెట్టు చిన్నది కావడం వల్ల పెట్రోలు ముందే తక్కువ, పైగా ఈ గాలి. అలాంటి మిశ్రమంతో ఇంజను విపరీతంగా వేడెక్కుతుంది, పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది.

1993లో ఒక సాయంత్రం చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు ఎత్తు ఎక్కుతున్నాం. వెనక మా ఆవిడ. ఎడమ పిస్టన్ పట్టేసింది, వెనక చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరం పడ్డాం. నాకు గీతలు పడ్డాయి. ఆమె మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆసుపత్రిలో ఆమె అన్నది ఒకే మాట: "మొత్తానికి పెట్రోలు మిగిల్చారండీ."

ఆ తరువాత నేర్చుకున్న పద్ధతి చెబుతాను. ఈ బండి ఉన్నవారు ఇక్కడ లేకపోవచ్చు, వరస మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది. ముందు ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగు సరిగా ఉండాలి. కార్బురేటర్లు బిగించే ముందు రబ్బరు జాయింట్లు వంచి చూడాలి. పగులు కనబడితే మార్చడమే, అతుకులు పనికిరావు. రెండింటిలోనూ ఒకే నెంబరు జెట్లు, సూదికి ఒకే గాడిలో క్లిప్పు, ఫ్లోట్ ఒకే ఎత్తు ఉండాలి. ఆక్సిలరేటర్ తిప్పితే రెండు స్లైడులూ ఒకేసారి కదలాలి. ఒకటి ముందు లేస్తే కేబులు సరిచేయాలి. అదే ఆక్సిలరేటర్‌తో ఆయిల్ పంపు కేబులూ కదులుతుంది, దాని గుర్తు కూడా చూసుకోవాలి. ఎయిర్ స్క్రూలు మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. ఇంజను వేడెక్కాక కొద్దికొద్దిగా తిప్పుతూ మేలైన చోటు పట్టుకోవాలి. ఐడిలింగ్ సరిచేయడం ఆఖరి పని. నేను దాన్ని మొదటి పనిగా చేశాను.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్ళలో కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత రబ్బరుకు ఇది పడదు, మిశ్రమాన్నీ పలచన చేస్తుంది. అందుకే నా బండికి ఇప్పుడు జెట్లు కాస్త పెద్దవి వేశాను. బండి చాలా రోజులు కదలకపోతే కార్బురేటర్లలోని పెట్రోలు వంపేస్తాను.

2010లో రిటైరయ్యాను. ఇప్పుడు నా కుడి చెవి సరిగా వినబడదు. నాలుగేళ్ళు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పోయిన ఏడాది కొత్త రబ్బర్లు వేసి, రెండు వైపులా సమానంగా కుదిరిందనుకొని లేచాను. వంటింట్లోంచి మా ఆవిడ, "ఎడమది కాస్త వెనకబడిందండీ" అంది. రెండు సైలెన్సర్ల వెనక రెండు అరచేతులు పెట్టి చూశాను. నిజమే, ఎడమ పొగ బలహీనంగా తగులుతోంది. ఈసారి స్క్రూ ముట్టుకోలేదు. వెతికితే ఎడమ కేబులు తొడుగు సరిగా కూర్చోలేదు. కూర్చోబెట్టాను. "ఇప్పుడు కలిశాయి" అంది ఆమె.

ముప్ఫై ఏళ్ళుగా ఆ శబ్దాన్ని ఆమె లోపల్నుంచి వింటూనే ఉందని నాకు ఆ రోజు తెలిసింది. 1993 తరువాత ఆమె మళ్ళీ ఆ బండి ఎక్కలేదు. నేను ఎక్కమని అడగలేదు. ఇప్పుడు నేను ట్యూనింగుకు కూర్చుంటే, గేటు దగ్గర నిలబడి వింటుంది.

మిత్రులారా, వినబడకపోతే వినబడలేదని ఇంట్లో చెప్పండి. లెక్క తేడా వస్తే స్క్రూ తిప్పకండి, పగులు ఎక్కడుందో చూడండి. నాకిచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి.