వసతి లేదమ్మా!

అధ్యక్షోపన్యాసం అనగానే వెనక వరసల్లో ఒకరిద్దరు గడియారం చూసుకోవడం కనబడుతూనే ఉంది. భయం లేదు. ఇవాళ చెప్పేది ఒక్క ఖగోళ శాస్త్రజ్ఞురాలి సంగతి, ఆవిడ వెంటపడిన ఒక్క మాట సంగతి. మన ఆఫీసుల్లోనూ రోజూ వినబడే మాటే అది: "వసతి లేదమ్మా!"

"ఆడవాళ్ళు వద్దు" అంటే పోట్లాడొచ్చు. వసతి లేదంటే ఎవరితో పోట్లాడతాం? గోడతోనా?

మార్గరెట్ బర్బిడ్జ్ 1919లో ఇంగ్లండులోని స్టాక్‌పోర్ట్‌లో పుట్టారు. చిన్నప్పుడు రాత్రివేళ ఇంగ్లిష్ చానల్ దాటుతుంటే ఓడ కుదుపులకు కడుపులో తిప్పింది. మనసు మళ్ళించడానికి ఇంట్లోవాళ్ళు చుక్కలు చూపించారు. ఆ చూపు ఇక కిందికి దిగలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి లండన్ విశ్వవిద్యాలయం వారి మిల్ హిల్ వేధశాలలో పని చేస్తున్నారు. బాంబుల భయానికి ఊరంతా దీపాలు ఆర్పేయడంతో ఆకాశం నల్లగా, శుభ్రంగా దొరికింది. మగవాళ్ళు యుద్ధం పనుల్లోకి పోవడంతో టెలిస్కోపూ దొరికింది. 1943లో డాక్టరేట్ వచ్చింది. 1944 ఆగస్టులో ఒక రాత్రి ఆవిడ పరిశీలనలో ఉండగా దగ్గర్లోనే జర్మన్ల ఎగిరే బాంబు పడింది. ఆ అదురుకి నక్షత్రం టెలిస్కోపు చూపులోంచి జారిపోయింది. ఆవిడ దాన్ని మళ్ళీ మధ్యకు తెచ్చుకుని పని కొనసాగించారు. ఆ రాత్రుల్లో వసతి ప్రసక్తి ఎవరూ తేలేదు!

యుద్ధం ముగిసింది, వసతి కరువైంది. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో పనికి దారి చూపే కార్నెగీ ఫెలోషిప్‌కి ఆవిడ 1940ల్లో దరఖాస్తు పెట్టారు. ఆ కొండమీద టెలిస్కోపు సమయం ఆడవాళ్ళకు ఇవ్వరని జవాబొచ్చింది.

1955లో భర్త జెఫ్రీ బర్బిడ్జ్ పేరుతో అదే ఫెలోషిప్ వచ్చింది. ఆయన సిద్ధాంతాల మనిషి. టెలిస్కోపు పని ఆవిడది. అయినా కాగితం మీద ఆయన పరిశీలకుడు, ఆవిడ సహాయకురాలు. అక్కడ పరిశీలకులు పగలు పడుకునే భవనానికి మొనాస్టరీ అని పేరు, అంటే సన్యాసుల మఠం. పేరు సరదాకి పెట్టుకున్నదేమో గానీ నియమం మాత్రం సరదాది కాదు. ఆడమనిషి గడప దాటకూడదు. దంపతులు విడిగా ఓ చిన్న కుటీరంలో దిగి, తమ వంట తామే చేసుకున్నారు. రాత్రయితే గుమ్మటం కింద నక్షత్రాన్ని పట్టి నిలిపింది ఆ "సహాయకురాలే". 1956లో కూతురు పుట్టింది. అంటే ఆ కొండమీది రాత్రుల్లో కొన్ని నిండు మనిషిగా గడిపినవి.

ఆ పనంతా కలిసి 1957లో వందపేజీలు దాటిన వ్యాసమైంది. బర్బిడ్జ్ దంపతులు, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హోయిల్ కలిసి రాసిన ఆ వ్యాసం మూలకాలు నక్షత్రాల కడుపులో ఎలా వండబడతాయో చెప్పింది. ఇందులో మనకూ ఓ చుట్టరికం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు మన గుంటూరుకే వచ్చారు. ఆ మూలకాల్లో ఒకటైన హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలైంది. హైడ్రోజన్ మండి హీలియం కావడం దగ్గర్నుంచి, మెడలో గొలుసుకి కావలసిన బంగారం న్యూట్రాన్లను గబగబా మింగిన కేంద్రకాల నుంచి రావడం దాకా ఆ వ్యాసంలో ఉంది. రచయితల వరసలో మొదటి పేరు మార్గరెట్‌ది. 1983లో నోబెల్ వచ్చింది మాత్రం నలుగురిలో ఫౌలర్ ఒక్కరికే. హోయిల్‌కీ రాలేదు కాబట్టి ఈ అన్యాయాన్ని పూర్తిగా ఆడామగా పద్దులో రాసేయడం సబబు కాదు.

1962లో శాన్ డియేగోలోని విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. భార్యాభర్తలు ఒకే శాఖలో ఉండకూడదన్న నిబంధన అక్కడ అడ్డుపడింది. ఆయన భౌతికశాస్త్రంలో చేరారు. నక్షత్రాలు చూసే ఆవిడను రసాయనశాస్త్రంలో కూర్చోబెట్టారు!

అక్కడ ఆ దంపతులతో కలిసి ఏడాది పనిచేసిన వీరా రూబిన్, 1965లో పాలొమార్ కొండమీది వేధశాలలో అధికారికంగా అనుమతి పొందిన తొలి పరిశీలకురాలయ్యారు. అంతవరకూ అక్కడ చెప్పిన సాకు: మరుగుదొడ్డి ఒక్కటే ఉంది, అదీ మగవాళ్ళది. రూబిన్ ఓ కాగితాన్ని గౌను ఆకారంలో కత్తిరించి, తలుపు మీది మగబొమ్మకు అతికించారు. కత్తెర, కాస్త జిగురు. ఇన్నేళ్ళూ లేదన్న వసతికి అయిన ఖర్చు అంతే.

ఇక అసలు చిక్కుముడి. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ మహిళలకు మాత్రమే ఇచ్చే యానీ కానన్ బహుమతిని ప్రకటిస్తే మార్గరెట్ వద్దన్నారు. ఆడవాళ్ళ కోసమని విడిగా పెట్టిన బహుమతి కూడా వివక్షేనని ఆవిడ వాదన. ఇక్కడ ఈ అధ్యక్షపీఠం కాస్త విభేదిస్తుంది. బస్సులో "స్త్రీలకు మాత్రమే" అని రాసిన సీటు ఎందుకని, కూర్చున్నవాళ్ళు సిద్ధాంతంగా అడగొచ్చు. ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడే అమ్మాయికి ఆ సీటు కావాలి. యానీ కానన్ 1930ల్లో ఆ బహుమతి నెలకొల్పింది అలాంటివాళ్ళ కోసమే. అయితే మార్గరెట్ కాదన్నాక సొసైటీ ఊరుకోలేకపోయింది. వృత్తిలో ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటని విచారించడానికి బృందాన్ని వేసింది. 1976లో ఆ సొసైటీకే ఆవిడ తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. అమెరికా రాజ్యాంగానికి ప్రతిపాదించిన స్త్రీపురుష సమాన హక్కుల సవరణను ఆమోదించని రాష్ట్రాల్లో సదస్సులు పెట్టరాదని సభ్యులను ఒప్పించారు. సదస్సుల మీద బతికే హోటళ్ళకు స్త్రీవాదం అర్థమయ్యే భాష అదే.

అంతకుముందే, 1972లో గ్రీనిచ్ వేధశాల డైరెక్టర్ పదవీ దక్కింది. 1675 నుంచి ఆ కుర్చీతోపాటు వచ్చే రాజ ఖగోళజ్ఞుడనే బిరుదు మాత్రం ఆవిడ దగ్గరికి వచ్చేసరికి విడిపోయి, మరో ఖగోళ శాస్త్రజ్ఞుడు మార్టిన్ రైల్‌కు వెళ్ళింది.

తర్వాత టెలిస్కోపే కొండదిగి అంతరిక్షంలోకి వెళ్ళింది. 1990లో ఎగిరిన హబుల్‌లో మసక వస్తువుల కాంతిని విడగొట్టి చూసే పరికరం రూపకల్పన బృందంలో ఆవిడ ఉన్నారు. 1994లో ఎం87 గెలాక్సీ నడుమ గిరగిర తిరిగే వాయువు వేగాన్ని కొలిచి, అక్కడ సుమారు 240 కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఉందని పట్టిచ్చింది ఆ పరికరమే.

హబుల్‌కి మఠం లేదు, మరుగుదొడ్డి లేదు. వసతి సాకు చెల్లదు. అయినా దాని సమయం కోసం వచ్చే దరఖాస్తుల్లో ఏళ్ళ తరబడి మగవాళ్ళవే ఎక్కువ శాతం నెగ్గుతూ వచ్చాయి. కావాలని ఎవరో చేసిన కుట్ర కాదది. ఎంపిక చేసేవారిలో ఆడవాళ్ళూ ఉన్నారు. 2018లో దరఖాస్తుల మీద పేర్లు కనబడకుండా చేశారు. ఆ విడత ఆడవాళ్ళవి 8.7 శాతం, మగవాళ్ళవి 8 శాతం నెగ్గాయి. మొగ్గు అటు తిరగడం అదే మొదలు. అప్పటికి కాలిఫోర్నియాలో మార్గరెట్ బర్బిడ్జ్ వందో ఏటికి దగ్గరపడుతున్నారు. భర్త పేరు మాటున మౌంట్ విల్సన్ ఎక్కి అరవై ఏళ్ళు దాటింది.